కుడి పక్కన కూర్చుని నడిపిన కార్లు

మా ఐలీ పెద్దమ్మ కాలాన్ని కార్లతో కొలిచేది. "మీ అమ్మ పెళ్ళా? అది రాంబ్లర్ రోజుల్లో," అనేది. "పెద్ద గని మూతపడిన చలికాలమా? అప్పటికి ఫాల్కన్ వెళ్ళిపోయింది, డార్ట్ వచ్చింది." వినేవాళ్ళకి సంవత్సరం తెలిసేది కాదు గాని ఆ కారు రంగు మాత్రం కళ్ళముందు కదిలేది. రాంబ్లర్‌ది పాలమీగడ రంగు. ఫాల్కన్ వాన వెలిసిన ఆకాశంలా ఉండేది. డార్ట్ గోధుమ రంగు, ఎండుటాకుల మధ్య నిలబెడితే వెతుక్కోవాల్సి వచ్చేది.

అన్నీ చిన్న కార్లే. గని మేనేజర్లూ డాక్టర్లూ పడవల్లాంటి పొడుగు కార్లలో తిరిగే రోజుల్లో మాలాంటి వాళ్ళ ఇళ్ళముందు ఇవి ఉండేవి. తలుపు వేస్తే బిస్కట్ల డబ్బా మూత పడ్డట్టు చప్పుడు. బోనెట్ ఎత్తితే ఇంజను చుట్టూ మనిషి దిగి నిలబడగలిగేంత ఖాళీ. ఏది చెడిపోయినా కంటికి కనిపించేది, చేతికి అందేది. ఎండాకాలం సీటు రెక్సిను తొడలకి అతుక్కునేది. చలికాలం హీటరు వేస్తే ముందు దుమ్ము వాసన, తర్వాత వేడెక్కిన రబ్బరు వాసన, ఆ వెనకే ఎవరివో తడిసిన ఉన్ని మేజోళ్ళ వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడూ ఆ వరసలో తగిలితే బయట మంచు పడుతోందేమో అని కిటికీ వైపు చూస్తాను.

వాటి ముందు సీటు ఒకటే బల్లలా, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా పరుచుకుని ఉండేది. పెద్దమ్మ బతుకు ఆ సీటు మీదే గడిచింది.

మిషిగన్ ఉత్తరపు కొసన మా ఊరు. చుట్టూ పొలాలు, అడవిలో విసిరేసినట్టుండే ఇళ్ళు. పెద్దమ్మ వాటికి ఉత్తరాలు పంచేది. పల్లె టపా మనిషికి బండి ఎవరూ ఇవ్వరు, సొంత కారే తెచ్చుకోవాలి. మా కార్లకి స్టీరింగు ఎడమ పక్క. కర్రలకి కొట్టిన ఉత్తరాల పెట్టెలేమో రోడ్డుకి కుడి అంచున. పెట్టె పెట్టెకీ దిగి, మంచులో మోకాలి దాకా కూరుకుపోతూ చుట్టూ తిరిగి వెళ్తే ఆ రోజు టపా మర్నాటికి గాని తెమలదు. అందుకని పల్లె టపా వాళ్ళందరూ చేసేదే ఆవిడా చేసేది. కుడి కిటికీ పక్కన కూర్చునేది. ఎడమ కాలు సీటు ముందు నుంచి అడ్డంగా చాపి బ్రేకూ యాక్సిలరేటరూ తొక్కేది; ఆ కార్లకి క్లచ్చి ఉండదు. ఎడమ చెయ్యి చాచి స్టీరింగు చక్రం కింది అంచు పట్టుకునేది. కుడి చేత్తో పెట్టె మూత తెరిచి, ఉత్తరాలు జొనిపి, మూసేది. కారు ఆగీ ఆగకముందే మళ్ళీ కదిలేది. ఎదురుగా వచ్చే పరాయి ఊరివాళ్ళు డ్రైవరు లేని కారు మీదకొస్తోందని హడలిపోయి పక్క గోతిలోకి దించేసేవారు. మాకది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్నదే గనక ఆ కారులో ఎవరు ఎటు కూర్చున్నారో చూడను కూడా చూసేవాళ్ళం కాదు.

"పెళ్ళెందుకు చేసుకోలేదు పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఒకడు అడిగాడే రీటా. మంచివాడే. కానీ వాడిది రెండు విడి సీట్ల కారు, మధ్యలో గేరు కడ్డీ. జీవితాంతం నా కాలికి అడ్డం పడదూ?"

నవ్వుతూనే చెప్పినా అందులో సగం నిజం ఉందని నాకు అనిపించేది. ఆ దారిలో ఏ ముసలమ్మకి స్టాంపులు నిండుకున్నాయో, ఎవరి కొడుకు సైన్యం నుంచి రాయడం మానేశాడో, ఏ ఇంటి పొగగొట్టంలోంచి పొద్దున పొగ రాలేదో ఆవిడకి తెలుసు. పొగ రాకపోతే దిగి తలుపు కొట్టేది. ఆ దారి ఆవిడ ఇల్లు, కారు అందులో కుర్చీ.

మా వైపు చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు ముందు మంచుని తింటుంది, మంచు అయిపోయాక కార్లని తింటుంది. ఎవరి కారైనా అంతే. డార్ట్ ఇంజను పిల్లి గురకలా హాయిగా తిరుగుతూనే ఉంది గాని, ఒళ్ళు మాత్రం కింద నుంచి రాలిపోతూ వచ్చింది. అడుగు రేకు పోయిన చోట పెద్దమ్మ తన రొట్టెలు కాల్చుకునే రేకు పరిచింది. మా ఊరి మెకానిక్కు బ్రూనో కిందకి దూరి చూసి లేచి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఐలీ, దీన్ని ఎత్తితే రెండు ముక్కలవుతుంది. ఎత్తకపోతే బాగుచెయ్యలేను. నన్నేం చెయ్యమంటావ్?"

"దండం పెట్టు."

"పెట్టాను. అందుకే ఇప్పటిదాకా నడిచింది."

అప్పుడు మొదలయింది అసలు గండం. నేను సెలవు రోజుల్లో ఆవిడ బదులు టపా పంచే పనిలో కొత్తగా చేరాను. పెద్దమ్మకి తోడుగా కార్ల దుకాణాలన్నీ తిరిగాను. ఆ ఏడాదికి పొడుగు సీటున్న చిన్న కారన్నది దుకాణాల్లో కరువైపోయింది. అన్నిటికీ రెండు విడి సీట్లు, మధ్యలో ఒక ప్లాస్టిక్ దిమ్మ. స్టీరింగు కుడి పక్కనుండే సర్కారు పాత టపా జీపులు వేలంలో దొరుకుతాయి గాని అవి మా కొండదారి మంచుకి తగినవి కావు. ఒక దుకాణంలో టై కట్టుకున్న కుర్రాడు ఎంతో మురిపెంగా తలుపు తీసి చూపించాడు.

"మేడమ్, ఈ మధ్యలో చూశారా? కాఫీ కప్పులు పెట్టుకోవచ్చు. రెండు!"

"బావుంది నాయనా. మరి నా కాలెక్కడ పెట్టుకోను? కప్పులోనా?"

మంచు కరిగేలోపు నమ్మకమైన బండి చూసుకోకపోతే దారి వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదని పోస్టుమాస్టరు నెమ్మదిగానే చెప్పాడు. ఆయన తప్పేం లేదు. టపా ఆగకూడదు కదా. ఆ సాయంత్రం పెద్దమ్మ డార్ట్‌లోంచి దిగకుండా చాలాసేపు కూర్చుంది. ఇంజను ఆపలేదు. కాలు చాపుకునే ఉంది.

ఇక ఆ చలికాలం మంచు మీద పెట్టిన కారు సంగతి చెప్పాలి.

మా ఊరి మంటలార్పే దళంలో జీతగాళ్ళెవరూ లేరు, అందరూ మా వాళ్ళే. వాళ్ళు ప్రతి చలికాలం చెరువు గడ్డకట్టాక దాని మధ్యకి ఒక పాత కారు తోసుకెళ్ళి వదిలేస్తారు. నూనె, పెట్రోలు, ఇంజను అన్నీ ముందే తీసేస్తారు. దానికొక గొలుసు కట్టి రెండో కొస ఒడ్డున చెట్టుకి చుడతారు. ఇక ఊరంతా టిక్కెట్లు కొని, వసంతంలో మంచు విరిగి ఆ కారు ఎప్పుడు మునుగుతుందో పందెం కాస్తుంది. మునిగాక గొలుసు పట్టి లాగి పాత ఇనుము కొట్టుకి పంపిస్తారు. టిక్కెట్ల డబ్బుతో గొట్టాలూ టోపీలూ కొనుక్కుంటారు. పెట్టేది ఎప్పుడూ తుక్కు కారే. అది పెట్టిన దగ్గర్నుంచి మునిగేదాకా మాకు వేరే ముచ్చట ఉండదు.

ఆ ఏడు మాత్రం చెరువు మీద నిలబడింది తుక్కు కాదు. లేత ఆకుపచ్చ ప్లిమత్ వాలియంట్. ఒక్క తుప్పు మచ్చ లేదు. ముందు సీటు పొడుగు బల్ల.

అది లెంపిది. లెంపి భర్త ఆర్వో గనిలో పనిచేసి రిటైరయిన మనిషి. ఆయన డ్రైవింగు నేర్చుకోలేదు. "భూమి కింద పనిచేసేవాడికి భూమి మీద బండెందుకు?" అనేవాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన్ని పొద్దున గని దగ్గర దింపడం, సాయంత్రం తీసుకురావడం, శనివారం నాట్యాలకి తీసుకెళ్ళడం అన్నీ లెంపే. గని మూతపడ్డాక వాళ్ళు కొనుక్కున్న మొదటి కొత్త కారు ఆ వాలియంట్. ఉప్పు చల్లే రోజులొస్తే ఆవిడ దాన్ని కొట్టంలో పెట్టి దుప్పటి కప్పేసేది. చలికాలమంతా చర్చికి పొరుగువాళ్ళ ట్రక్కులో వెళ్ళేవారు గాని కారు బయటికి తీసేది కాదు. ఎండాకాలం వచ్చాక, నదిలోంచి లేచిన చేపలా అది మళ్ళీ రోడ్డెక్కేది. లెంపి ఎడమ పక్క, ఆర్వో కుడి పక్క. ఆయన ఒళ్ళో ఎప్పుడూ లెంపి ఎవరికో వండి తీసుకెళ్తున్న గిన్నె.

ఆకులు రాలే కాలంలో లెంపి పోయింది. కారు కొంటామని చాలామంది వచ్చారు. ఆర్వో ఒక్కరికీ ఇవ్వలేదు. మంచు పడగానే మంటల దళానికి పెద్ద అయిన డెల్బర్ట్ ఇంటికి నడుచుకుంటూ వెళ్ళి, "తీసుకుపో, ముంచెయ్యి," అన్నాడట. డెల్బర్ట్ బతిమాలాడు. ఆయన వినలేదు. లెంపి ఆవిరి స్నానం చేసి ఒక్క ఉరుకులో దూకేది ఆ చెరువులోనే. ఆవిడ చెరువు, ఆవిడ కారు. ఇక మాట్లాడేదేముంది? ఇంజను తీయించారు. అది ఎవరిదో కలప మిల్లుకి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ రోజూ ఆ చెరువు గట్టు మీంచే వెళ్ళేది. తెల్లటి మంచు మధ్య ఆకుపచ్చగా, ఎవరో మరిచిపోయి వదిలేసిన ఎండాకాలంలా ఆ కారు. రొట్టెల రేకు మీద కాలు పెట్టుకుని ఆవిడ దాన్ని చూస్తూ పోయేది. ఒక రోజు ఆర్వో పెట్టె దగ్గర ఆపి అడిగేసింది.

"ఆర్వో, ఆ కారు నాకియ్యవయ్యా. దాని ఇంజను పోతే పోయింది, నా డార్ట్ ఇంజను దానికి సరిగ్గా సరిపోతుంది. రెండిట్లో ఉన్నది ఒకటే రకం. బ్రూనోని అడిగాను."

"లేదు."

"నా పని పోయేలా ఉంది."

"విన్నాను. బాధగానే ఉంది. అయినా లేదు."

"అదేం పంతం? నీళ్ళలో తుప్పు పట్టాలా?"

"పట్టనీ. ఆవిడ సీట్లో ఇంకో ఆడదో మగాడో కూర్చుని నా వాకిలి ముందు నుంచి పోతూ ఉంటే నేను చూడలేను ఐలీ. చెరువైతే ఎవరినీ కూర్చోబెట్టుకోదు."

పెద్దమ్మ ఆయన పేపరు ఆయన చేతికిచ్చి కదిలింది. "అడగడం నా పని, ఇవ్వకపోవడం ఆయన హక్కు," అంది ఇంటికొచ్చాక నాతో.

వసంతం తొందరగా వచ్చింది. మంచు రంగు మారింది. తెలుపు పోయి బూడిద రంగు, బూడిద రంగు పోయి అక్కడక్కడ నలుపు. చెరువు లోపల ఎవరో తలుపులు తీస్తున్నట్టు చప్పుళ్ళు. మీదికి నడిచి వెళ్ళడం పిల్లలు కూడా మానేశారు. అప్పటికి పెద్దమ్మకి నడుము నొప్పి, అందుకని నేను వెనక సీట్లో కూర్చుని ఉత్తరాలు వరస పెట్టి ఇస్తుండేదాన్ని.

ఒక మధ్యాహ్నం టపా అంతా పంచి తిరిగి వస్తున్నాం. వానా మంచూ కలిసి పడుతున్నాయి. చెరువు దారిలో ఆర్వో గొడుగు లేకుండా నడుస్తున్నాడు. కారుని చూడడానికి రోజూ అలా వెళ్తాడని అందరికీ తెలుసు. పెద్దమ్మ ఆపింది.

"ఎక్కు. ఎముకలు తడిసిపోతాయి."

ఆయన అలవాటుగా కుడి తలుపు దగ్గరికి వచ్చి పిడి పట్టుకున్నాడు. లోపల పెద్దమ్మ కూర్చుని ఉంది.

"జరుగు," అన్నాడు.

"ఎక్కడికి జరగను? జరిగితే చెయ్యి పెట్టె దాకా అందదని జీవితమంతా జరగలేదు. ఇప్పుడు నీ కోసం జరగనా? అటు తిరిగొచ్చి ఎక్కు."

"అది డ్రైవరు సీటు కదా."

"డ్రైవర్ని ఇక్కడున్నానయ్యా! అక్కడెవరూ లేరు. ఎక్కు, వాన లోపలికి కొడుతోంది."

ఆర్వో చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీశాడు. పొయ్యి మీద కూర్చుంటున్నట్టు మెల్లగా కూర్చున్నాడు. అంతకాలంలో ఆయన స్టీరింగు వెనక కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. గిన్నె లేని ఒడి.

"కాళ్ళు వెనక్కి ముడుచుకో," అంది పెద్దమ్మ. "నాకు బ్రేకు కావాలి."

కారు కదిలింది. ఆయన కళ్ళముందు చక్రం తనంతట తానే తిరుగుతున్నట్టు అటూ ఇటూ ఊగుతోంది. కింద ఒక ముడతలు పడ్డ చెయ్యి మాత్రం దాన్ని పట్టుకుని ఉంది. కొంతదూరం ఆయన ఆ చేతినే చూశాడు. తర్వాత పక్కన సీటు మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. ముందు తన కింద, తర్వాత మధ్యలో, ఆ తర్వాత పెద్దమ్మ వైపు. ఆవిడ వైపు రెక్సిను చిరిగి, దూది బయటికొచ్చి, దాని మీద వేసిన అతుకు కూడా చిరిగిపోయి ఉంది. ఆయన కూర్చున్న చోట కుట్లు కూడా చెదరలేదు. దుకాణంలో ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇక్కడ ఎవరూ కూర్చోరా?" అన్నాడు.

"ఎవరు కూర్చుంటారు? ఉన్నది నేనొక్కత్తినే. నేనేమో ఇక్కడ."

"ఆదివారం? చర్చికి వెళ్ళేటప్పుడు?"

"చర్చికీ ఇలాగే. రాంబ్లర్ కొన్న కొత్తలో ఒకసారి నలుగురిలా అటు కూర్చుని నడిపాను. పాస్టరు గారి కంచె కూలింది."

నేను వెనక నుంచి నవ్వాను. ఆర్వో నవ్వలేదు. చెరువు దగ్గర పెద్దమ్మ కారు ఆపింది. అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. అవతల నల్లబడుతున్న మంచు మీద వాలియంట్, చుట్టూ చెప్పు మునిగేంత నీరు. కారు నీడ కారు కిందే తలకిందులుగా ఉంది.

"అయితే నువ్వు కూర్చునేది నేను కూర్చున్న చోట," అన్నాడు ఆర్వో. ఎవరితోనో కాదు, అద్దంతో చెప్పినట్టు.

పెద్దమ్మకి అప్పుడే అర్థమైంది, నాకూ అప్పుడే అర్థమైంది. ఇన్నాళ్ళు ఆయన వాకిలి ముందు నుంచి రోజూ ఖాళీ డ్రైవరు సీటుతో వెళ్ళాం. ఆ మాట చెప్పి అడగాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఎటు కూర్చుంటామో మాకే గుర్తుండదు మరి.

"ఆవిడ సీట్లో ఏం పెడతావ్?" అని అడిగాడు ఆర్వో.

"ఏమీ పెట్టను ఆర్వో. ఉత్తరాల ట్రే నా పక్కనే మధ్యలో పెట్టుకుంటాను. అటు ఖాళీగా ఉంచుతాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఖాళీ ఎందుకు? ఉత్తరాలు పెట్టు. ఆవిడకి ఉత్తరాలంటే ఇష్టం."

పెద్దమ్మ కారు ఆయన ఇంటి వైపు తిప్పింది.

కానీ కారు ఇవ్వాలన్నా అప్పటికది ఆర్వో చేతిలో లేదు. ఊరంతా టిక్కెట్లు కొనేసింది. ఆ శుక్రవారం చర్చి కింది గదిలో చేపల భోజనాల దగ్గర పంచాయితీ జరిగింది. డెల్బర్ట్ చేతిలో పళ్ళెంతో నిలబడి తల గోక్కున్నాడు.

"నాకు ఇవ్వాలనే ఉంది ఐలీ. కానీ పెట్టిన బండి పెట్టినట్టే మునగాలి. ఇప్పుడు దాన్ని లాగేసి నీ డార్ట్ పెడితే, అది తేలిక బండి. జనం బరువు చూసి పందెం కాశారు."

"తేలికేమిటి!" అన్నాడు బ్రూనో. "దానికి అడుగే లేదు. నీళ్ళ మీద తేలదు, గాల్లో తేలుతుంది."

"ఇసుక మూటలు వెయ్యండి."

"ఐలీ రొట్టెల రేకు కూడా లెక్కలోకి తీసుకోవాలా వద్దా?"

"రేకు నాది, ఇవ్వను," అంది పెద్దమ్మ.

వెనక నుంచి ఎవరో పెద్దావిడ గొంతు లేచింది. "డెల్బర్ట్, మునిగేది కారేమిటి, విరిగేది మంచు కదురా! మంచుకి ఏ కారైనా ఒకటే. లెంపి వంట తినని వాడెవడైనా ఉంటే వాడు అడ్డం చెప్పమను."

అడ్డం చెప్పేవాళ్ళు అప్పటికీ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అప్పుడు ఆర్వో లేచాడు. సభలో లేచి మాట్లాడే మనిషి కాదాయన. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ముంచమని ఇచ్చింది నేను. తొందరపడ్డాను. అది ఇంకా తిరగాలి," అన్నాడు. టోపీ తీసుకుని కూర్చున్నాడు.

డెల్బర్ట్ గది అంతా చూశాడు. "సరే. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చేతులన్నిట్లో ఫోర్కులున్నాయి, ఫోర్కులకి చేప ముక్కలున్నాయి. అలాగే ఎత్తారు. ఎత్తనివాడు ఒక్కడూ లేడు.

శనివారం బ్రూనో డార్ట్ ఇంజను విప్పి తీశాడు. ఆ రాత్రి అదృష్టం కొద్దీ చలి తిరగబెట్టి చెరువు పైన మళ్ళీ గట్టి పొర కట్టింది. ఆదివారం తెల్లవారగానే మంటల దళం ట్రక్కు ఒడ్డున నిలిచింది. గొలుసు చెట్టు నుంచి విప్పి ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించి నెమ్మదిగా లాగడం మొదలుపెట్టారు. వాలియంట్ మొదట కదలలేదు, టైర్లు మంచులో అతుక్కుపోయాయి. ఒక్కసారిగా పటపటమని విడిపడి వెనక్కి వెనక్కి జారుతూ మా వైపు రాసాగింది. దాని కింద మంచు సన్నటి ఈల వేసింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్ళ గుర్తులు పడ్డాయి.

ఒడ్డుకి ఇంకా కొంచెం ఉందనగా మంచు విరిగింది. వెనక చక్రాలు దిగబడి, నీళ్ళు బంపరు దాకా వచ్చాయి. గొలుసు బిగుసుకుని ఊగింది. ట్రక్కు చక్రాలు బురదలో ఊరికే తిరిగాయి.

"ఆపండి! తెగుతుంది!" అని అరిచాడు డెల్బర్ట్.

అప్పటికే పెద్దమ్మ బూట్లతో నీళ్ళలోకి దిగిపోయింది. "నడుము నొప్పి అన్నావు కదా పెద్దమ్మా!" అని నేను అరుస్తూనే ఆవిడ వెనక దిగాను. మా వెనక బ్రూనో, అతని వెనక ఆర్వో, చర్చికి వేసుకున్న కోటుతోనే. పదిమంది చేతులు ఆ లేత ఆకుపచ్చ రేకు మీద పడ్డాయి. చలికి మోకాళ్ళ కింద కాళ్ళున్నాయో లేవో తెలియలేదు. ఎవరో పాట అందుకున్నారు, ఎవరో బూతు అందుకున్నారు. కారు ఒడ్డెక్కింది. దాని తలుపుల్లోంచి నీళ్ళు కారుతుంటే ఆర్వో తన మఫ్లరు తీసి డ్రైవరు సీటు తుడవడం మొదలుపెట్టాడు.

డార్ట్‌ని ఇసుక మూటలతో ఒడ్డుకి దగ్గరగానే, విరగని మంచు మీదకి పొడుగు కర్రలతో తోసి నిలబెట్టారు. పెద్దమ్మ దాని బోనెట్ మీద ఒక్కసారి చెయ్యి వేసి తీసేసింది. అది కొద్దిరోజులకే మునిగింది. పందెం ఎవరు గెలిచారో ఇప్పుడు నాకు గుర్తులేదు.

ఇంజను మార్చి, సీట్లు ఆరబెట్టి బ్రూనో బండి తిప్పి ఇచ్చేసరికి రోడ్ల మీద ఉప్పు కడుక్కుపోయింది. మొదటి రోజు నేను వెనక కూర్చున్నాను. పోస్టుమాస్టరు బయటికొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి వెళ్ళి ఆ దారి ఉత్తరాలు తెచ్చి ఇచ్చాడు. పెద్దమ్మ వాటిని లెంపి సీట్లో సర్దింది. కుడి పక్కకి వచ్చి కూర్చుని కాలు చాపింది. కొత్త సీటు కదా, జర్రున జారింది.

ఆర్వో తన పెట్టె దగ్గరే నిలబడి ఉన్నాడు. కారు ఆగగానే చెవి ఒగ్గి విన్నాడు.

"గొంతు మారింది."

"గుండె డార్ట్‌ది మరి."

"లెంపి ఇంత గట్టిగా తొక్కేది కాదు."

"లెంపి నూరు గుమ్మాల ముందు ఆగేదా? అలవాటు పడతావులే. ఇదిగో నీ పేపరు."

ఆయన అందుకోలేదు. కారు ముందు నుంచి నడిచి ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళాడు. తెరిచి కొంచెం వంగి, సీటు మీది ఉత్తరాల కట్టలోకి చూశాడు. పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించి, చేతిలో ఉన్న పేపరుని తిరిగి ఆ కట్ట మీద పెట్టింది. అక్కడి నుంచి ఆయన తీసుకున్నాడు.

ఆ కారు ఆవిడ రిటైరయ్యేదాకా తిరిగింది. ఆ తర్వాత ఆ దారి నాది. అన్ని ఇళ్ళ టపా పెట్టెల్లో వేశాం గాని ఆర్వోది మాత్రం ఎప్పుడూ పెట్టెలో వేయలేదు. ఆయన చుట్టూ తిరిగి వచ్చి, లెంపి సీటు మీంచి తీసుకుని, పేపరు చంకలో పెట్టుకుని తలుపు వేసేవాడు. సరిగ్గా పడిందో లేదో అని ఒకసారి అరచేత్తో నొక్కి చూసేవాడు. అప్పుడు గాని మేం కదిలేవాళ్ళం కాదు.